చీర మడతలో దొరికిన ఊరిబోర్డు

బెజవాడ బజారులో మా ఆవిడ కొన్న నేతచీర మడత విప్పగానే గంజిగుడ్డ మీద "గంటలపాలెం" అన్న అక్షరాలు ఉబ్బెత్తుగా కనిపించాయి. సిరా లేదు, దారం లేదు, ఒట్టి అచ్చు. పాత మైలురాళ్లూ ఊరిబోర్డులూ వెతుక్కుంటూ తిరగడం నా పిచ్చి. అవి పోతయినుము ఊరిబోర్డు అక్షరాలు! యుద్ధం రోజుల్లో జపానువాడు దిగితే దారి తెలియకూడదని మా వైపు రోడ్ల మీద బోర్డులు పీకేసి, మైలురాళ్లకు తారు పూశారు. అలా పోయిన బోర్డొకటి ఎక్కడో బతికే ఉందన్నమాట! "చీర నన్ను కట్టుకోనిస్తారా, అద్దాల బీరువాలో పెడతారా?" అని ఆవిడ నవ్వింది. ఆ ఊరు వెతుక్కుంటూ ఇద్దరం బయల్దేరాం.

పొద్దున ఏడింటికి బందరు బస్సెక్కి కాలువ వైపు కిటికీ పక్కన కూర్చున్నాం. ఆ వైపే కూర్చోండి, మైలురాళ్లన్నీ కనిపిస్తాయి. ఉలితో చెక్కిన అంకెలు తారు గీకగానే మళ్లీ బయటపడుతున్నాయి. ఎనామిల్ రేకు బోర్డులకు రాయి తగిలి పెచ్చు ఊడితే తుప్పు తినేస్తుంది. పోతయినుము అలా కాదు, పలకతోపాటే అక్షరాలూ పోస్తారు కనుక రంగు పోయినా పేరు పోదు. నేనిలా ఊదరగొడుతుంటే డ్రైవరు అన్నాడు: "గంటలపాలెమాండీ? బోర్డుంటే ఆపేవాణ్ణి. ఇప్పుడన్నీ చెరుకుతోటలే, ఎక్కడని ఆపనండీ?" చేసేది లేక ఉయ్యూరులో దిగి, అర్ధరూపాయికి జట్కా మాట్లాడుకున్నాం.

గంటలపాలెంలో రోడ్డువారనే నేతగాళ్ల ఇల్లు. లోపల గంజిపెట్టిన చీరల దొంతి మీద బరువుగా నా బోర్డు! ఆ ఇంటి మాణిక్యమ్మ చెప్పింది: "పీకేసిననాడు మా ఆయన మోసుకొచ్చాడండీ. నేను చూసుకోక అక్షరాలు కిందకి పెట్టా. చీరలన్నిటికీ పేరు పడిపోయింది. ఆయన తిట్టినతిట్టు తిట్టకుండా తిట్టాడు. తీరా షావుకారు ఆ పేరున్నవే కావాలన్నాడు." ఇప్పుడు బోర్డులు మళ్లీ పెట్టుకోవచ్చని సర్కారువాళ్లన్నారు. అది రోడ్డెక్కకపోతే బస్సు ఆగదు, ఊరంతా మూటలు నెత్తిన పెట్టుకుని ఉయ్యూరు నడవాలి. రోడ్డెక్కితే ఈమె చీరకు గుర్తు పోతుంది. అది రోడ్డు కోసం పోసిన ఇనుము కదా అని నేను నచ్చచెప్పబోయాను. "ఇచ్చెయ్యమనమాకండి" అని మొహం తిప్పుకుంది.

మధ్యాహ్నం బెజవాడ బస్సు దుమ్ము లేపుకుంటూ దూరాన కనిపించింది. మూటతో రోడ్డు మీదున్న మాణిక్యమ్మ, "చెయ్యూపినా ఆగడండీ, నిన్నా ఇంతే" అంది. అంటూనే ఏమనుకుందో, మూట దించి లోపలికి పరిగెత్తింది. మొగుడూ పెళ్లాలిద్దరూ బోర్డును చెరోవైపు పట్టుకొచ్చి నడిరోడ్డున నిలబడ్డారు. బస్సు కీచుమని ఆగింది.

"ఏమ్మా, ఊరినే ఎత్తుకొచ్చేశావేంటి?" అన్నాడు పొద్దుటి డ్రైవరే.

"పగలు రోడ్డు మీద తగిలిస్తాం, పొద్దుగూకాక ఇంటికి తెచ్చుకుంటాం. రోజూ ఆగాలి మరి!" అంది మాణిక్యమ్మ, రొప్పుతూ.

నేను చిన్నపిల్లాడిలా చప్పట్లు కొట్టాను. ఊరి పేరును తారుతో కప్పినా, పీకి పారేసినా, అది గంజిగుడ్డలో దూరి బజారు చేరింది. ఇన్నేళ్లుగా రాయినీ ఇనుమునూ తడిమి చూసుకుంటున్న నాకు అంతకన్నా సంతోషమైన రోజు లేదు.

వెళ్లేవాళ్లకు ఒక్క మాట: పగలే వెళ్లండి. పొద్దుగూకితే ఊరు చీరల మీద ఉంటుంది, బస్సు ఆగదు.