కన్ను తెరవని సీతాఫలాలు

మా పాపకు ఐదేళ్ళున్నప్పుడు నేను ఒక ముసలామెను చూసి కుళ్ళుకున్నాను. ఆమె పక్క ఊరు ఖాజాగూడ నుంచి రోజూ మా క్యాంపస్‌కు గడ్డి కోసుకోవడానికి వచ్చేది. నేను అదే క్యాంపస్‌లో ఎమ్మెస్సీ పిల్లలకు వృక్షశాస్త్రం చెప్పే లెక్చరర్‌ని. అయినా చెట్టు కనబడితే నా కూతురు అడిగేది నన్ను కాదు, ఆమెను.

అవి డెబ్బైల చివరి రోజులు. కాకినాడ నుంచి వచ్చి ఏడాది కాలేదు. క్యాంపస్ అంటే నాలుగు కట్టడాలు, ఒక మట్టి రోడ్డు, తక్కినదంతా బండలూ తుప్పలూ. సాయంత్రం క్లాసులయ్యాక పాపను వెంటబెట్టుకుని బయల్దేరేదాన్ని. ఆకు తుంచి చేతిలో పెట్టి, దాని పేరూ కుటుంబమూ చెబితే పాప ఆవులించేది. అంతలో బండల వెనక నుంచి ముసలామె దగ్గు వినబడితే చాలు, నా చెయ్యి విడిపించుకుని ఒకటే పరుగు.

ఆమె ఏం చూపించేదని? ఆరుద్ర పురుగును అరచేతిలో నడిపించేది. ఏ ఆకు తుంచితే పాలు కారతాయో, ఆ పాలు కంట్లో పడకుండా ఎలా పట్టుకోవాలో చెప్పేది. ఆ మాటలు నేను చెప్పలేనివేం కావు. కానీ ఇంటికొచ్చి పాప "ఏందమ్మా, గిట్ల చేస్తవు?" అంటుంటే మావారు పగలబడి నవ్వేవారు. నాకు మాత్రం ఒళ్ళు మండేది.

ఒక పెద్ద బండ చాటున సీతాఫలం చెట్టొకటి ఉండేది. దానికి తొమ్మిది కాయలు. "ఇది నీ చెట్టు బిడ్డా. కాయ కన్ను తెరిసినంక ఇద్దరం కోద్దం. అందాక ముట్టద్దు" అని ముసలామె పాపకు అప్పగించింది. ఇక రోజూ అక్కడే కాపలా. అన్నం తింటూ కూడా అదే గోల, ఏ కాయకు కళ్ళ మధ్య గీత తెల్లబడింది, ఏ కాయకు లేదు అని. నేను పక్కన కూర్చుని పప్పు కలిపి పెడుతున్నా ఆ కబుర్లలో నాకు చోటు లేదు.

ఒకసారి ముసలామె కూతురి ఊరికి వెళ్ళి వారం రోజులు రాలేదు. నాకు అదను దొరికింది.

"పద, ఇవాళ సీతాఫలాలు కోసేద్దాం" అన్నాను.

"కన్ను తెరవలేదమ్మా. అవ్వ వద్దన్నది."

"అవ్వ చెప్పిందే వేదమా? నేను పిల్లలకు చెప్పే పాఠమే ఇది." ఒక్కో కన్నూ ఒక్కో అండాశయమనీ, అవన్నీ కలిసి ఒక కాయ అయిందనీ అక్కడే నిలబడి వివరించాను. పాప నన్నూ చెట్టునూ మార్చి మార్చి చూసింది.

"నువ్వు కోస్తే పండుతాయా?"

"ఎందుకు పండవు?"

మా వైపు మామిడిని కాయగా ఉన్నప్పుడే కోసి గడ్డిలో మాగేస్తాం. ఇదీ అంతేననుకున్నాను. కొమ్మ వంచి తొమ్మిదీ నేనే కోశాను, ఒక్కటీ మిగల్చలేదు. ఇంటికి తెచ్చి బియ్యం డబ్బాలో పెట్టాను.

పాప రోజూ డబ్బాలో చెయ్యి పెట్టి ఒక్కో కాయనూ బొటనవేలితో నొక్కేది. మూడో రోజుకు నల్లబడ్డాయి. ఐదో రోజుకు రాళ్ళలా బిగుసుకుపోయాయి. పాప బడికి వెళ్ళినప్పుడు వాటిని దూరంగా పారేసి వచ్చాను. సాయంత్రం డబ్బాలో చెయ్యి పెట్టి వెతుక్కుంది గానీ నన్నొక్క మాట అడగలేదు.

మర్నాడు ముసలామె వచ్చింది. మేమిద్దరం వెళ్ళేసరికి చెట్టు ముందు నిలబడి ఉంది.

"ఎవరు కోసిండ్రమ్మా ఇవి? కన్నన్న తెరవకపాయె, ఒక్కటన్న ఉంచకపాయిరి!" అంది నాతో. నేను కోసి ఉంటానన్న అనుమానం ఆమెకు కలగలేదు. ఇంత చదువుకున్నదాన్ని, నాకా మాత్రం తెలియదా?

నేను నోరు తెరిచేలోపే పాప ముందుకు జరిగింది.

"నేనే కోసిన అవ్వా."

"చెప్పిన గద బిడ్డా, జర ఆగుమని! నీ మీద ఇడిసిపెట్టి పోతే గిట్లనా చేసేది?"

పాప తల వంచుకుంది. నేను చెప్పాల్సింది ఒకే ఒక్క మాట. చెప్పలేదు. నిజం రాయాలి కాబట్టి రాస్తున్నాను, ఆ క్షణాన నాకు కలిగింది సిగ్గు కాదు, సంతోషం. నా బిడ్డ నా కోసం అబద్ధమాడింది, ఆమె కోసం కాదు. దారంతా దాని చెయ్యి నా చేతిలోనే ఉంది.

మరుసటి సాయంత్రం పిలిస్తే అది చెప్పులు వేసుకోలేదు. "నువ్వు పోయి రా అమ్మా. అవ్వ కనబడితే నేనేం చెప్పాలె?" అంది. ఒక్కదాన్నే వెళ్ళాను.

ముసలామె గడ్డిమోపు దించి నా వెనక్కి చూసింది. ఆమె కొంగున మూడు సీతాఫలాలు మూటకట్టి ఉన్నాయి. కన్ను తెరిచినవే.

"బిడ్డ రాలేదా అమ్మా?"

"రాదు. దానికి నీ మీద కోపమొచ్చింది" అన్నాను.

ఆమె కొంగు ముడి విప్పబోయి ఆగింది.

"నిన్న కోపం జేసిన్నని గదా?" అంది.

"అవును" అన్నాను.