పసుపు గదలు రెండూ ఒకటే అన్నాను

ఆ రోజుల్లో నాకు తెలియని సంగతంటూ లేదు. ఎమ్మెస్సీ బోటనీ రెండో ఏడాది చదివే పిల్లకు అంత ధీమా ఎక్కడిదో మరి (మా అమ్మ మాత్రం నాన్న పోలిక అంటుంది). వానలు పడగానే, ప్రాజెక్టు కోసం పుట్టగొడుగులు వెతుకుతూ రొంపిచెర్లలో మా పెద్దమ్మ నిమ్మతోటకు వెళ్ళాను. రాలిన ఆకుల మధ్య అగ్గిపుల్లంత ఎత్తున పసుపుపచ్చని గదలు మొలిచి ఉన్నాయి. గొడుగు లేదు, కింద సన్నం, పైన లావు, అంతే. పెద్దమ్మ వంగి చూసి, "ఇయ్యి రెండు రకాలే. ఇది పుటుక్కున ఇరుగుద్ది, అది వంగుద్ది" అంది.

"రెండూ ఒకటే పెద్దమ్మా. ఒకటి ముదురు, ఒకటి లేత. ఇంత చదివినదాన్ని, నాకు తెలీదా?"

"చదివావులే, కాస్త ఇరిచి చూడు. చేతులేమన్నా అరిగిపోతయ్యా?"

విరవలేదు. అన్నిటినీ ఒకే టిఫిన్ డబ్బాలో కుక్కి నరసరావుపేట బస్సెక్కాను. రెండ్రోజుల తర్వాత క్లాసు ముందు నిలబడి, అవన్నీ ఒకే జాతని గంట కొట్టినట్టు చెప్పాను. మా గైడ్ మేడమ్ డబ్బాలోంచి ఒక ముక్క తీసి మైక్రోస్కోపు కింద పెట్టింది. సిద్ధబీజాలు (పుట్టగొడుగుకు విత్తనాల్లాంటివి) నున్నగా ఉన్నాయి. నేను తలెగరేశాను. ఇంకో ముక్క పెట్టింది. ఒళ్ళంతా ముళ్ళే, అచ్చం పల్లేరుకాయలు!

"ఇవి ముదిరితే ముళ్ళొచ్చాయా అమ్మా?" అంది మేడమ్. క్లాసంతా గొల్లుమంది.

డబ్బాలో ఏది ఏదో తేల్చుకుందామంటే అన్నీ కలిసి వాడిపోయాయి. ప్రాజెక్టు ఇవ్వడానికి మిగిలింది రెండు వారాలు, వానలేమో తెరిపిచ్చాయి. ఏడుపుమొహంతో మళ్ళీ రొంపిచెర్లలో దిగాను. పెద్దమ్మ ఒక్క మాటా దెప్పలేదు. "ఆ మూల పార తగలనియ్యలా, రోజూ చెంబెడు నీళ్ళు చల్లుతున్నా. నువ్వొస్తావని తెలుసులే" అని తోటకు నడిచింది. ఆమె విరిచి చెప్పింది, నేను రెండు డబ్బాల్లో సర్దుకున్నాను. ల్యాబులో చూస్తే విరిగినవన్నీ ముళ్ళవి, వంగినవన్నీ నున్ననివి, ఒక్కటీ తప్పలేదు. ప్రాజెక్టులో కృతజ్ఞతల పేజీ చూసి మేడమ్, "ఈ పెద్దమ్మగారు ఏ యూనివర్సిటీ?" అని అడిగింది.

ఇప్పుడు నేనూ పాఠాలు చెబుతున్నాను. పిల్లలు ఫోన్లో ఫొటో పంపి, "ఇది ఏ జాతి మేడమ్?" అంటారు. "తెలీదమ్మా, పట్టుకురా, చూద్దాం" అంటాను. ఆ మాట ఇంత ధీమాగా అనడం నేర్చుకోవడానికే నాకు పాతికేళ్ళు పట్టింది.