వికెట్ తీయని సత్తిబాబు

1998 జూన్‌లో భీమవరం దగ్గర ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో ఫిజికల్ డైరెక్టరుగా చేరాను. ఆటలన్నీ నా బాధ్యతే అయినా అక్కడ ఆటంటే క్రికెట్టే. కాలేజీ కార్యదర్శిగారు చేపల చెరువుల ఆసామి. మ్యాచ్ ఉంటే కుర్చీ వేయించుకుని మరీ చూసేవారు. ఆయన కంటికి వికెట్లు తప్ప మరేదీ ఆనేది కాదు.

సత్తిబాబు మా మీడియం పేసర్. నరసాపురం అవతల సముద్రం మీద వేటకెళ్ళే కుటుంబం. స్పోర్ట్స్ కోటాలో సీటు, ఉచితంగా హాస్టలు. జట్టులోంచి పోతే రెండూ పోతాయి. చూస్తే అతని ఎకానమీ రేటు, అంటే ఓవరుకు సగటున ఇచ్చే పరుగులు, ఏడు దాటింది. తీసేయమన్నారు కార్యదర్శిగారు. తీయనన్నాను.

నెట్స్‌లో నిలబడి చూస్తే రోగం తెలిసింది. సీటు పోతుందన్న భయంతో ప్రతి బంతికీ వికెట్ పడగొట్టాలని చూసేవాడు. కాళ్ళ దగ్గర పడే యార్కర్ వేయబోతే నేల తాకని ఫుల్‌టాస్ అయ్యేది, బలం పెడితే వైడ్ అయ్యేది. వైడ్ పరుగు కూడా బౌలరు లెక్కలోకే వస్తుంది. వికెట్ల సంగతి మర్చిపొమ్మన్నాను.

“వికెట్ పడాపోతే ఇంటికి పంపేత్తారు కదండి” అన్నాడు.

పంపేవాళ్ళు ముందు నాతో మాట్లాడాలన్నాను.

మ్యాటు మీద ఆఫ్ స్టంపుకు ఎదురుగా, బ్యాట్స్‌మన్ ముందుకు రావాలో వెనక్కి పోవాలో తేల్చుకోలేని చోట సుద్దతో గీత గీశాను. నెలల తరబడి అక్కడే వేయించాను. సింగిల్స్ దొరక్కుండా ఫీల్డర్లను దగ్గరికి జరిపాను. విసుగొస్తోందనేవాడు. బ్యాట్స్‌మన్‌కూ రావాలి, మనకు కావలసిందదే అనేవాణ్ణి.

డిగ్రీ కాలేజీల మధ్య పోటీల సెమీఫైనల్ రాజమండ్రిలో జరిగింది. సత్తిబాబు ఒక వైపు నుంచి వరసగా వేస్తున్నాడు, పరుగులు రావడం లేదు, వికెట్లూ పడడం లేదు. మార్చమని కార్యదర్శిగారు కబురు పెట్టారు. డ్రింక్స్ వేళ నేను కెప్టెన్‌కు పంపిన మాట ఒక్కటే, మార్చొద్దని. ఇటు పరుగు దొరకని బ్యాట్స్‌మెన్ అటు మా స్పిన్నర్ మీద తెగబడి, గాల్లోకి లేపి నలుగురు అవుటయ్యారు. గెలిచాం.

కార్యదర్శిగారు స్పిన్నర్ మెడలో దండ వేసి నా వైపు తిరిగారు. “ఏంటండి మాస్టారూ, పది ఓవర్లేసి ఒక్కణ్ణీ అవుట్ చెయ్యనోడికి మనం హాస్టల్లో అన్నం పెట్టాలా?”

నాకు ఒళ్ళు మండింది. స్పిన్నర్‌కు దక్కిన నాలుగు వికెట్లూ సత్తిబాబు కట్టడి చేసినందుకే పడ్డాయని అందరి ముందూ చెప్పాను. ఫిజికల్ డైరెక్టరు సంతకం లేని జట్టును నిర్వాహకులు ఆడనివ్వరు. సత్తిబాబు పేరు లేకపోతే ఫైనల్‌కు సంతకం పెట్టనన్నాను. ఆయన కారెక్కారు. ఫైనల్ జాబితాలో సత్తిబాబు పేరుంది, సంతకం పెట్టాను.

సత్తిబాబు అక్కడే డిగ్రీ పూర్తి చేశాడు. నాకు మాత్రం ఆ ఏడాది ఇంక్రిమెంటు ఆపారు. ఆపుకోనీ అనుకున్నాను.

వికెట్ ఎవరి పేరున పడిందో స్కోరుబుక్కు చెబుతుంది. ఎవరి వల్ల పడిందో మ్యాచ్ చూసినవాడే చెప్పాలి. నన్ను ఉద్యోగంలో పెట్టుకున్నది చూడడానికే కాబట్టి, చూసింది చెప్పాను.