నోబుయె మామ్మ గుమ్మం ముందు ఆకులు

చిగుసా మా సందులో మొదట ఎవరికీ నచ్చలేదు. నాకైతే మరీను. జెండా ఎత్తి పట్టుకుని, నడుముకి మైకు తగిలించుకుని, క్యోటో చూడవచ్చిన నలభై మందిని వెనకేసుకు తిరిగే మనిషి. ఆ నలభై మందీ గుడికెళ్లే పెద్ద వీధి నిండా పరుచుకుంటే, నా ముల్లంగి ఊరగాయల కొట్టుకి ఏళ్ల తరబడి వస్తున్నవాళ్లు దారి దొరక్క వెనక్కి పోయేవారు.

అలాంటి మనిషి ఉన్నట్టుండి జెండా వదిలేసింది. కారణం నాకు తనే చెప్పింది. తల్లిని ఆసుపత్రిలో చేర్చారట. చూద్దామని సిటీ బస్సు కోసం నిలబడితే, వచ్చిన బస్సల్లా పెట్టెలతో, యాత్రికులతో కిక్కిరిసిపోయి ఆగకుండానే వెళ్లిపోయిందట. "వాళ్లందర్నీ పోగేసింది నాలాంటివాళ్లేగా అక్కా. ఎవర్ని తిట్టుకోను?" అంది. ఆ మాటతో నా కోపం సగం దిగింది.

ఆ తరవాత పద్ధతే మార్చేసింది. పొద్దున్నే, రద్దీ మొదలవకముందే, ఆరుగురికి మించకుండా మా సందులోంచి గుడి మెట్లకి నడిపించేది. పెట్టెలు తేకూడదు. ఇళ్లలోకి ఫోటోలు తీయకూడదు. టీ, ఫలహారం మా కొట్లలోనే. వెళ్లేముందు చీపుళ్లు పట్టి, నడిచిన దారి ఊడ్చి మరీ వెళ్లాలి. మా సందు సంఘం ఏడాది చూద్దామంది. ఆ గడువు మేపుల్ ఆకులు రాలే రోజుల్లో ముగిసింది. ఆఖరి రోజు సాయంత్రం, కొనసాగించాలా వద్దా అని సమావేశం. సందులో అందరికన్నా పెద్దది నోబుయె మామ్మ. ఆవిడ వద్దంటే ఇంకెవరూ నోరెత్తరు. అప్పుడు చిగుసాకి మళ్లీ ఆ జెండాయే గతి.

సరిగ్గా ఆ రోజు పొద్దున్నే కొంప మునిగింది.

ఊడవడానికి మా దగ్గరో లెక్క ఉంది. ఎవరి గుమ్మం ముందు వాళ్లు ఊడ్చుకుని, పక్కింటి హద్దు దాటి మూరెడు ఊడవాలి. అదీ ఊడవకపోతే పిసినారి అంటారు. మూర దాటితే, నీకు చేతకాక నేను చేశానని మొహం మీద అన్నట్టు. చిగుసా ఈ ఊళ్లోనే పుట్టి పెరిగింది కనక, తనతో వచ్చేవాళ్లని దారి మధ్యలోనే ఊడవమనేది. ఆ రోజు మాత్రం నా కొట్లో టీ కప్పులు సర్దుతూ ఉండిపోయింది. ఆస్ట్రేలియా నుంచి వచ్చిన ఆలుమగలిద్దరు మామ్మ ఇంటిముందు గుట్టలుపడ్డ ఆకులు చూసి జాలిపడ్డారు. గుమ్మం రాయి దాకా ఊడ్చి, పైగా నీళ్లు కూడా చల్లారు.

చిగుసా బయటికొచ్చి చూసింది. మొహంలో నెత్తుటి చుక్క లేదు. అప్పుడే మామ్మ తలుపు పక్కకి జరిపింది. నేలని చూసింది. చీపురు పట్టుకుని నవ్వుతున్న ఆ పొడుగాటి మనిషిని చూసింది.

"ఎంత శుభ్రంగా ఉందో," అని తలుపు మూసేసింది.

మా ఊళ్లో ఎవరైనా అంత మర్యాదగా మెచ్చుకుంటే భయపడాలి.

"అయిపోయింది అక్కా," అంది చిగుసా. "వాళ్లననుకోడానికేం లేదు. నేనే కనిపెట్టుకుని ఉండాల్సింది."

"మిఠాయి పట్టుకెళ్లి క్షమించమని అడుగు," అన్నాను.

వెళ్లింది. ఎంత పిలిచినా మామ్మ తలుపు తీయలేదు. మిఠాయి పెట్టె నా కొట్టుకే తిరిగొచ్చింది.

సాయంత్రం సంఘం గదిలో మామ్మ కర్ర పొడుచుకుంటూ వచ్చి కూర్చుంది. చిగుసా తల చాపకి ఆనేలా వంగింది.

"మామ్మగారూ, పొద్దున..."

"ఉండమ్మా. ముందు నన్ను అడగనీ." మామ్మ నావైపు తిరిగింది. "ఏమే సచియె, రోజూ మా హద్దు దాటి ఎంత ఊడుస్తావు?"

"మూరెడు మామ్మా."

"వేలెడు ఎక్కువ?"

"అబ్బే, ఎప్పుడూ లేదు."

"నువ్వో, ఇసాము?" అని, తన ఇంటికి అవతలి పక్కన ఉండే, చాపలల్లే ఇసాముని అడిగింది.

"నేనూ అంతేనండి."

"చూశారా, ఎంత మర్యాదస్తులో." ఎవరూ నవ్వలేదు. "మోకాళ్లు పట్టేసి వేసవి నుంచీ వంగలేకపోతున్నాను. ఊడ్చిపెట్టమని అడగడానికి నాకు పరువు అడ్డం. ఊడిస్తే నాకు అవమానమని మీకు మర్యాద అడ్డం. తలుపు తీస్తే చాలు, ఆకులు. ఎవరో ఒకళ్లు పొరపాటు చెయ్యకపోతారా అని చూస్తూ కూర్చున్నా. ఆఖరికి సముద్రం అవతలి నుంచి రావాల్సొచ్చింది."

"మరి చిగుసా వస్తే తలుపెందుకు తియ్యలేదు?" అన్నాను.

"ఏడుస్తున్నానే. ఆ మొహంతో ఎవరైనా తీస్తారా?" అని చిగుసాకేసి చూసింది. "రేపు వస్తున్నారా వాళ్లు?"

"వేరేవాళ్లొస్తారు మామ్మగారూ."

"వాళ్లకి మాత్రం మర్యాదలు నేర్పకు."

చిగుసా మళ్లీ వంగింది. ఈసారి భుజాలు కదిలిపోయాయి, నవ్వో ఏడుపో నాకు తెలియలేదు. సంఘంలో ఇక ఎవర్నీ ఏమీ అడగక్కర్లేకపోయింది. దారి చిగుసాదే. నాకు హమ్మయ్య అనిపించింది, ఆ వెంటనే సిగ్గేసింది.

చిగుసా యాత్రికులు రాని రోజు ఒకటి వచ్చింది. నా గుమ్మం ఊడ్చుకున్నాను, హద్దు దాటాను, మూర దగ్గర చెయ్యి దానంతటదే ఆగింది. కాసేపు నిలబడి, మామ్మ గుమ్మం రాయి దాకా ఊడ్చుకుంటూ పోయాను. తలుపు కాస్త జరిగింది.

"ఆ మూల వదిలేశావు," అంది మామ్మ.