ఆయమ్మకు దారి నేర్పిన మూడు రోజులు

దారి తెలియకపోవడం సిగ్గుపడాల్సిన విషయం కాని కాలం ఒకటి ఉండేది. కారు ఆపి, అద్దం దించి, రోడ్డు పక్కన బీడీ కాల్చుకుంటున్న మనిషిని పలకరిస్తే ఆయన దారితో పాటు ఆ ఊళ్లో ఎవరికి ఎవరితో మాటల్లేవో కూడా చెప్పి పంపేవాడు. మా బోటి విలేకరులకు సగం వార్తలు అక్కడే దొరికేవి (మిగతా సగం దొరక్కపోయినా రాసేవాళ్లం). సెల్‌ఫోన్ మాట్లాడటానికే తప్ప దారి చూపడానికి ఇంకా పనికిరాని ఆ రోజుల్లో నేను తిరుపతిలో ఒక దినపత్రిక జిల్లా కార్యాలయంలో ట్రైనీ విలేకరిని. ఇరవై ఆరేళ్ల వయసు, ఇస్త్రీ చేసిన రెండు చొక్కాలు, పర్మనెంటు కాగితం ఎప్పుడిస్తారా అని మేనేజరు గది వైపు ఆశగా చూసే చూపు, ఇవీ నా అర్హతలు.

మా ఆఫీసుకు ఒకటే కారు, ఆ కారుకు ఒకడే డ్రైవరు. అందరం ఆయన్ని రూటు మామ అనేవాళ్లం. ఇటు శ్రీకాళహస్తి నుంచి అటు కుప్పం దాకా ఆయనకు తెలియని మలుపు లేదు. ఏ వంక ఎంత వానకు పారుతుందో, ఏ మామిడి తోపులోంచి అడ్డంగా పోతే హైవే తగులుతుందో నిద్రలో లేపి అడిగినా చెప్పేవాడు. యాభై ఎనిమిదేళ్లు. ఎడమ కంటికి శుక్లం మొదలైంది. ఆఫీసు వెనక రేకుల గదిలో ఆయనా ఆయన భార్యా ఉండేవాళ్లు. ఉద్యోగం ఉన్నన్నాళ్లే ఆ గది.

ఒకరోజు మేనేజరు నన్ను పిలిచి తలుపు వేయమన్నారు. (పర్మనెంటు కాగితం వచ్చిందనుకుని చొక్కా సర్దుకున్నాను.) "కార్లకు దారి చూపే మిషన్లు వచ్చాయటగా, జీపీఎస్ అని. చవకలో మంచిది ఒకటి చూడు. నువ్వు చదువుకున్నవాడివి" అన్నారు. ఎందుకు సార్ అన్నాను. ఆయన గొంతు తగ్గించారు. "ముసలాయనకు ఒక కన్ను పోతోంది. ఆ దారులన్నీ తెలుసనే కదా ఇన్నాళ్లు భరించాం. మిషన్ ఉంటే ఎవడైనా నడుపుతాడు. ఇది కుదిరితే నీ సంగతీ చూద్దాం. బయట చెప్పొద్దు." నేను చెప్పలేదు. ఆ విషయంలో మాత్రం నేను చాలా నమ్మకస్తుణ్ణి.

మద్రాసు వెళ్లి ఎలక్ట్రానిక్స్ అంగళ్ల వీధిలో ఒక పూటంతా తిరిగాను. మూడు రకాలు చూపించారు. మొదటిది ఊరూరా సందు సందు చూపేది. దాని ధర వినగానే నా చెయ్యి దానంతటదే వెనక్కి వచ్చింది. రెండోది పరవాలేదు, కానీ ఆకాశంలో ఉపగ్రహాలను వెతుక్కునేసరికి మనం ఊరు చేరిపోతాం. మూడోది చవక. హైవేలు, పెద్ద పట్టణాలు తప్ప అందులో ఏమీ లేవు. "ఊళ్లు కావాలంటే మీరే ఎక్కించుకోవచ్చు సార్. అక్కడికి పోయి ఈ బటన్ నొక్కి పేరు కొట్టండి, అంతే" అన్నాడు అంగడి ఆయన. వచ్చేటప్పుడు బస్సులో కూర్చుని మూడింటి గుణదోషాలు రెండు పేజీల నివేదికగా రాశాను. చివరి వాక్యం ఇప్పటికీ గుర్తుంది: 'స్థానిక పరిజ్ఞానాన్ని యంత్రంలో నిక్షిప్తం చేయవచ్చు.' ఆ వాక్యానికి ఎంత మురిసిపోయానో.

మేనేజరు ఆ చవకదే తెప్పించారు. డబ్బా రాగానే రూటు మామ దానికి పసుపు రాసి కుంకుమ బొట్టు పెట్టాడు. ఆ బొట్టు సరిగ్గా తెర మీద వేలితో నొక్కాల్సిన చోట పడింది. చొక్కా అంచుతో తుడుస్తూ "ఇది దేవుడు కాదు మామా" అన్నాను. "కాకపోతే ఏమప్పా, దారి చూపించేది గదా" అన్నాడు. లోపలి నుంచి ఆడగొంతు ఇంగ్లీషులో మాట్లాడగానే ఆయన స్టీరింగు మీద చేతులు సర్దుకుని కూర్చున్నాడు, ఇంటికి కొత్త చుట్టం వచ్చినట్టు. ఆ క్షణం నుంచి అది ఆయనకు ఆయమ్మ.

మొదటి పరీక్ష శ్రీకాళహస్తికి. ఆ ఊరి పొలిమేర దాటుతుండగా ఆయమ్మ ఎడమకు తిరగమంది. ఎడమకు స్వర్ణముఖి ఇసుక. "మామా, అటు దారి లేదు కదా" అన్నాను. "లేదు. కానీ అంత మర్యాదగా చెప్తా ఉండాది, కాదంటే బాగుంటాదా" అని కారు ఏటిలోకి దించాడు. ఇరవై అడుగులు పోయి చక్రాలు దిగబడ్డాయి. బట్టలుతుకుతున్న వాళ్లు నలుగురు వచ్చి తోశారు. వాళ్లలో ఒకాయన మామను ఎరుగును. "ఏం మామా, కన్ను బొత్తిగా పోయిందా?" అని నవ్వాడు. "నాది కాదప్పా, ఈయమ్మది" అని డబ్బా వైపు చూపించాడు మామ. అందరితో పాటు నేనూ నవ్వాను. నాకు మాత్రం నవ్వు మధ్యలోనే ఆగిపోయింది.

ఈ సంగతి విని మేనేజరు "అయితే ఆయన్నే తీసుకుపోయి ఊళ్లన్నీ ఎక్కించు. మూడు రోజులు చాలు" అన్నారు. మామకేం చెప్పాలి? "నీ కంటికి సాయంగా ఉంటుందని కొన్నాం మామా. నువ్వు చూపిస్తే అది గుర్తు పెట్టుకుంటుంది" అన్నాను. ఆయన రోడ్డు పక్కన కారాపి నాకు ఎళనీరు, అంటే కొబ్బరి బోండాం, కొట్టించి ఇచ్చాడు. "సారుకు ఇంత మనసుండాదని తెల్దు నాకు" అన్నాడు. లేత నీళ్లే, తియ్యగానే ఉండి ఉంటాయి.

ఇక ఆ మూడు రోజులు. ఊరికి వెళ్లడం, బటన్ నొక్కడం, పేరు కొట్టడం, అయిదు నిమిషాల పని అనుకున్నాను. మామ పద్ధతి వేరు. ఊరు వచ్చిందంటే నేరుగా తెలిసినవాళ్ల వాకిట్లోకి పోయి నీడన కారాపేవాడు. "ఊరికే గుర్తు రాసుకోని పోతే ఎట్లప్పా? ఆ ఇంటోళ్లకు చెప్పల్ల, వాళ్లిచ్చింది తాగల్ల. అప్పుడే గదా దారి మనదయ్యేది" అనేవాడు. ప్రతి చోటా మజ్జిగ, చెరుకురసం, ఉప్పూకారం అద్దిన మామిడి ముక్కలు. బంగారుపాళ్యం చుట్టుపక్కల ఒక్కరోజే తొమ్మిది గ్లాసుల మజ్జిగ తాగాను (ఆ రాత్రి సంగతి రాయదగింది కాదు). మామ లోపల యోగక్షేమాలు కనుక్కుంటుంటే నేను కార్లో కూర్చుని బటన్ నొక్కేవాణ్ణి. బయలుదేరేముందు వచ్చి "వానాకాలం ఈ వంక పారతాది, పై దోవన పొమ్మని రాసుకో" అని గుర్తు చేసేవాడు. నేను తలవంచుకుని రాసేవాణ్ణి. ఒక జీవితం సంపాదించిన దాన్ని మూడు రోజుల్లో ఇంత శ్రద్ధగా వేరొకరి చేతికి ధారపోసిన మనిషిని నేను మళ్లీ చూడలేదు.

నెల తిరగకముందే ఆయన్ని పని మానిపించారు. కంటి పరీక్ష కాగితం ఒకటి కారణం. గది ఖాళీ చేసిన రోజు నేను కావాలనే ఒక ప్రెస్ మీట్‌కు పోయాను. ముఖ్యమైనదేమీ కాదు, అందులో వార్త కూడా లేదు. ఆ వారమే నా పర్మనెంటు కాగితం వచ్చింది.

కొత్త డ్రైవరు కుర్రాడు, డబ్బా చెప్పినట్టే నడిపేవాడు. ఆయమ్మ కూడా ఇప్పుడు తడబడకుండా చెప్పేది. తమాషా ఏమిటంటే మేం ఏ ఊరికి పోయినా ఊళ్లోకి కాక సరాసరి ఎవరింటి వాకిట్లోకో, పశువుల పాకలోకో పోయి ఆగేవాళ్లం. గుర్తులన్నీ మామ కారు ఆపిన చోట్లే మరి. "మీరు గమ్యం చేరుకున్నారు" అని ఆయమ్మ ఇంగ్లీషులో అనగానే ఒక ఆవు లేచి మా వైపు చూసేది. బంగారుపాళ్యం దగ్గర ఒక ముసలమ్మ మజ్జిగ చెంబుతో బయటికొచ్చి, కారులోకి వంగి చూసి "రూటు మామ రాలేదా నాయనా?" అంది. రిటైరయ్యాడమ్మా అన్నాను. "మరి ఆయన లేకుండా మీరెట్ల వచ్చినారు?" అంది. అందులో నిష్ఠూరం లేదు, నిజంగానే తెలుసుకోవాలని అడిగింది. జిల్లా రాజకీయ నాయకుల చేత సమాధానాలు చెప్పించినవాణ్ణి, ఆ ప్రశ్నకు తలవంచుకుని డబ్బా తెర తుడవడం మొదలుపెట్టాను. ఆమె చెంబు మాకిచ్చి లోపలికి పోయింది.

మూడేళ్ల తర్వాత అలిపిరిలో కనిపించాడు. బళ్లు ఆపుకునే చోట నల్లకళ్లద్దాలు పెట్టుకుని, విజిల్ నోట్లో పెట్టుకుని కార్లను వరసలో నిలబెడుతున్నాడు. నా కొత్త కారును ఒక నీడలోకి మళ్లించి, దిగగానే గుర్తుపట్టాడు. "బాగుండావా అప్పా? ఆయమ్మ ఎట్లుండాది?" అన్నాడు.

"పాడైపోయింది మామా. ఇప్పుడన్నీ ఫోన్లోనే." అక్కడితో వెళ్లిపోయి ఉండాల్సింది. "మామా, ఆ డబ్బా ఎందుకు కొన్నారో నీకు అప్పుడు..."

"తెలుసు. రెండో రోజే తెలిసింది. నేను దారి చెప్పేటప్పుడు నువ్వు నా మొగం సూసినావా ఒక్కసారన్నా?"

"మరి అన్నీ సరిగ్గా ఎందుకు చెప్పినావు?"

ఆయన విజిల్ ఊది ఒక వ్యాన్‌ను వెనక్కి పంపాడు. "నీ కోసరం కాదులే. తప్పు చెప్తే నువ్వు పోయి యాడో వంకలో పడతావు. ఆ ఊరోళ్లు ఏమంటారు? రూటు మామ చెప్పిన దోవంట, అంటారు. నలభై ఏండ్ల పేరు. అది ఆ సారు ఇచ్చింది కాదు గదా, పోగొట్టుకునేదానికి." ఇంకో కారు వచ్చింది. నన్ను భుజం పట్టి పక్కకు జరిపి దాని వైపు పోయాడు.

కారు దగ్గర మా ఆవిడ "ఎవరాయన?" అంది. "తెలిసినాయన" అన్నాను. వార్తలు రాసేవాణ్ణి కదా, అబద్ధం కాకుండా అసలు సంగతి దాటవేయడం చేతయిన విద్య.

ఆ ట్రైనీ విలేకరి ఇప్పుడు ఎదురుపడితే నేనేమీ తిట్టను. ఉద్యోగం కావాలిరా, తీసుకో, ఎవరు వద్దన్నారు, కానీ ఆయన మాట్లాడేటప్పుడు ఒక్కసారి తలెత్తు అంటాను. వాడు వినడు. వినయంగా నవ్వి, చొక్కా సర్దుకుని, మేనేజరు గది తలుపు తట్టడానికే పోతాడు. వాణ్ణి నాకంటే బాగా ఎరిగినవాళ్లు లేరు.