చివరికి మిగిలే కళ్లు

నిర్మల్‌లో కొయ్యబొమ్మలకు రంగులు వేసే మా పెద్దమ్మ కళ్లను మాత్రం చివరికి ఉంచేది. చిన్నప్పుడు ఒకసారి నేను తొందరపడి, రంగు వేయని చిరుత బొమ్మకు కళ్లు పెట్టేశాను. ఆమె తిట్టలేదు. బొమ్మను గోడవైపు తిప్పి పెట్టింది.

"రంగు ఎయ్యకముందే కండ్లు పెట్టినవ్ బిడ్డా. ఇగ అది ఏడ దాగాలె?"

మర్నాడు బొమ్మలు చెక్కే పొనికి కర్ర కోసం ఆమె వెంట అడవికి వెళ్లాను. ఎండుగడ్డి దగ్గర ఆమె నా భుజం పట్టి ఆపింది.

"కదలకు. గడ్డిల చిరుత ఉన్నది."

నాకు గడ్డి, దాని మీద పడిన ఎండా నీడా తప్ప ఏమీ కనిపించలేదు.

"గా పసుపు గడ్డి లెక్క, గా మచ్చలు నీడల లెక్క. కనవడితె దానికి తిండి దొరకది. రంగు ఇడిచిపెట్టు, కండ్లు దేవులాడు."

వెతికాను. నీడల్లో రెండు మచ్చలు రెప్ప వేశాయి.

చూపు తిప్పకుండా వెనక్కి నడిచి బాట మీద పడ్డాం.

"మనల్ని ఎప్పటిసంది చూస్తుండె, పెద్దమ్మా?"

"మనం అడవిల కాలు పెట్టినప్పటిసంది."

ఆ బొమ్మకు ఆమె రంగు వేయనే లేదు. ఆమె పోయాక అది నా అలమరలోకి వచ్చి, గోడవైపే తిరిగి ఉండేది. మొన్న మా పాప దాన్ని ఇటు తిప్పితే, ఆ కళ్లు నన్నే చూశాయి.

ఆ రోజంతా నాకు గోడరంగు చీర కట్టుకోవాలనిపించింది.