నాలుగో అతుకు

పోయిన మంగళవారం పొద్దున, గవర్నర్‌పేటలో నేను పనిచేసే కళ్లద్దాల షాపు తలుపులు తీస్తుండగా పిన్ని ఫోన్ చేసింది. "బాబాయ్ ఇక లేడమ్మా" అని పెట్టేసింది. ఊపిరితిత్తుల జబ్బుతో చాన్నాళ్లుగా అవస్థ పడుతున్న మనిషి, అనుకోనిదేం కాదు. కానీ ఏడుపు కంటే ముందు నాకు వచ్చిన ఆలోచన 'అయ్యో, ఇంక చెప్పలేను' అని. ఆయన గురించి నాలుగు మాటలు రాయమన్నారు మావాళ్లు. ఆ చెప్పలేకపోయింది కూడా ఇందులోనే రాస్తాను.

బాబాయ్ ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టే వెల్డరు. ముప్పై దాటాక నాకు కారు రేసుల పిచ్చి పట్టిందని చుట్టాలంతా ముక్కున వేలేసుకుంటే, ఆయనొక్కడే "ముందు కారు తీసుకురావే, తిట్లు తర్వాత తిందాం" అన్నాడు. ఓ డాక్టరు గారు మూలన పడేసిన పాత చిన్నకారు దొరికింది. సీట్లు పీకేశాం, ఏసీ పీకేశాం, బరువనిపించిందల్లా పీకేశాం. ఆదివారం చర్చిలో పూజ అవ్వగానే ఇద్దరం ఆయన షెడ్డులో ఉండేవాళ్లం. చెన్నై దగ్గర ట్రాక్‌లో, మాలాంటి మామూలు జనం ఇంట్లో కట్టుకున్న కార్లతో పోటీపడే క్లబ్ రేసులుంటాయి. మొదటిసారి అందరికంటే ఆఖరున వచ్చి మొహం వేలాడేశాను. "నడుపుకుంటూనే వచ్చావుగా, తోసుకుంటూ రాలేదుగా!" అన్నాడు.

కారు పల్టీ కొట్టినా లోపలి మనిషి నలిగిపోకుండా ఇనప గొట్టాలతో పంజరంలాంటిది కట్టాలి. అక్కడ మాత్రం ఆయన నవ్వేవాడు కాదు. ప్రతి అతుక్కీ కిరసనాయిలు రాసి, తుడిచి, పైన సుద్ద పూసేవాడు. కంటికి కనపడని పగులుంటే, కాసేపటికి సుద్ద మీద తడిగీత తేలుతుంది. అది తేలలేదని చూసుకునేదాకా రంగు బ్రష్షు ముట్టుకోనిచ్చేవాడు కాదు. నేను విసుక్కుంటే, "రంగేస్తే తప్పు కూడా ముద్దొస్తుందే, ఆగు" అనేవాడు.

రెండో ఏడాది ఇంజను జోరు పెంచాం. తలుపు పక్కన ఇంకో రెండు గొట్టాలు వేద్దామన్నాడు. మొత్తం నాలుగు అతుకులు. మూడు పూర్తిచేసి, సుద్ద పెట్టి చూసుకున్నాక దగ్గు తెర వచ్చి కూలబడ్డాడు. ఆసుపత్రిలో చేర్చాం. గుణదల మాత ఉత్సవాలు ముంచుకొచ్చాయి. కారుని కొండ దగ్గరికి తీసుకెళ్లి ఫాదర్ గారి చేత దీవెన ఇప్పించాలని నా ఆరాటం. రంగులేని బండిని మాత ముందు ఎలా పెట్టను? నాలుగో అతుకు నేనే వేశాను, ఆయన నేర్పిన విద్యే కదా అని. సుద్ద పెట్టలేదు. నీలం రంగు కొట్టేశాను.

ఆసుపత్రిలో అడిగాడు. "నాలుగోది మిగిలిందేమో కదే?"

"నువ్వే వేశావుగా బాబాయ్, గుర్తు లేదా? సుద్ద కూడా పెట్టాం" అన్నాను. తిడతాడని అన్న అబద్ధం. అంతకుమించి ఏమీ లేదు.

ఆ ఏడాది రేసులో ఇంకో కారు వచ్చి నా తలుపుకి గుద్దింది. నాలుగో అతుకు ఊడి గొట్టం నా తొడలో దిగింది. పదకొండు కుట్లు. అప్పటికి ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చిన బాబాయ్, షెడ్డుకి తెచ్చిన కారు దగ్గర ఆ తెగినచోట బొటనవేలితో తడుముతూ చాలాసేపు కూర్చున్నాడు. చిరిగిపోయిన ఇనుములో అది ఎవరి చేతిపనో తెలిసే వీల్లేదు. "నా చేతులారా నిన్ను చంపుకునేవాణ్ణి కదే అమ్మడూ" అన్నాడు. నిజం నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాను.

వారం తిరక్కుండా షాపుకొచ్చి, "నా చూపు తగ్గిందేమో చూడవే" అని కుర్చీలో కూర్చున్నాడు. చూశాను. పాత నంబరే, వీసమెత్తు మార్పు లేదు. "కొంచెం తేడా ఉంది బాబాయ్" అన్నాను. తప్పు కళ్లదని అనుకుంటే, చేతుల్ని తిట్టుకోవడం మానేస్తాడని! కొత్త అద్దాలు చేసిచ్చాను. ఇంత సిగ్గులేని పని నేను ఇంకెప్పుడూ చెయ్యలేదు. ఆ తర్వాత ఆయన వెల్డింగ్ హోల్డరు పట్టలేదు. ఎన్నో ఏళ్లుగా వచ్చే లారీవాళ్లని కూడా "నా అతుకులు నిలవట్లేదయ్యా, ఇంకోచోట చూసుకోండి" అని పంపేసేవాడు. నేను పక్కనే ఉండి విన్నాను.

సమాధుల తోట నుంచి వచ్చాక పిన్నికి అంతా చెప్పాను. ఆవిడ ఏడవలేదు, తిట్టలేదు. బీరువాలోంచి ఆ అద్దాల పెట్టె తీసి నా చేతిలో పెట్టింది.

"ఇవి పెట్టుకున్నా ఏమీ తేడా తెలీట్లేదే అనేవాడు. ఈ మాట ఆయనకి చెప్పాల్సిందమ్మా, నాకు కాదు."

నిన్న షెడ్డుకెళ్లాను. తలుపు పక్కన నీలం రంగు గీకేశాను. ఆయన వేసిన మూడు అతుకులకీ కిరసనాయిలు రాసి, తుడిచి, సుద్ద పూసి, ఆయన స్టూలు మీద కూర్చున్నాను. ఎండ వాలేదాకా చూశాను. మూడింటి మీదా సుద్ద పొడిగా, తెల్లగా అలాగే ఉంది.